ఓర్వకల్లు రన్‌వేకి ఆ 15 మీటర్లు ఎప్పుడిస్తారు?

రాష్ట్రంలో విమానాశ్రయాల వ్యవహారాలు చూసే మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ అర్జీలు. ఒకటి సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను. రెండోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. మూడోది ఒక కార్యాలయంలో చేతికే ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. మొదటిదానికి మాత్రం ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. రన్‌వే వెడల్పు చేశారేమోనని ఆ ఆదివారం నంద్యాల బస్సెక్కి ఓర్వకల్లులో దిగి, కంచె బయట నిలబడి చూసొచ్చాను. 30 మీటర్లు 30 మీటర్లే ఉంది సార్.

మా ఎయిర్‌పోర్టుకు ప్రారంభోత్సవాలకేం తక్కువ లేదు. 2019 జనవరిలో ఒకసారి, 2021 మార్చిలో ఇంకోసారి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు, సంతోషం. రన్‌వే పొడవు 2,000 మీటర్లు, వెడల్పు 30. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్‌లో ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం దిగాలి కాబట్టి దాని కొలతకే కుట్టించారు. 3సీ, 4సీ కోడ్‌ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, అంకె విమానానికి కావాల్సిన రన్‌వే పొడవును బట్టి, అక్షరం రెక్కల వెడల్పును బట్టి. ఏటీఆర్ రెక్కలు 27 మీటర్లు, ఎయిర్‌బస్ 320వి దాదాపు 36. అక్షరం రెండింటిదీ సీ యే. అంకె దగ్గరే వస్తుంది పేచీ, ఏటీఆర్‌ది మూడు, ఎయిర్‌బస్‌ది నాలుగు. మూడుకు 30 మీటర్లు చాలు, నాలుగుకు 45 కావాలి. ఆ 15 మీటర్ల కోసమే ఈ ఉత్తరం.

నేను ముప్పై ఏళ్లు రోడ్లు వేయించి రిటైరైన ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజినీరుని. రన్‌వే వేయలేదు, ఒప్పుకుంటాను. కానీ వేసిన రోడ్డును తర్వాత వెడల్పు చేయడం ఎంత తలనొప్పో నాకు తెలుసు. కాగితం మీద సులువే, అటు ఏడున్నర మీటర్లు, ఇటు ఏడున్నర. చేసేటప్పుడు తెలుస్తుంది. పాత తారుకూ కొత్త తారుకూ మధ్య అతుకు పడుతుంది. కింది పొరలు ఒకేలా గట్టిపడకపోతే రెండు వానలకే ఆ అతుకు నోరు తెరుస్తుంది. రోడ్డు మీదైతే ప్యాచ్ వేసి చేతులు దులుపుకుంటాం, రన్‌వే మీద అలా కుదరదు. అంచు లైట్లు జరపాలి, పక్క కాలువలు జరపాలి, పక్క నేలను మళ్లీ వాలు చూసి చదును చేయాలి. పైగా ఏటీఆర్ బరువు 23 టన్నులు, ఎయిర్‌బస్‌ది 78 దాకా పోతుంది. అంటే వెడల్పు ఒక్కటే కాదు, మందం కూడా చూడాలి. విమానం రన్‌వే నుంచి టెర్మినల్ దగ్గరికి నడిచే దారి, ట్యాక్సీవే, ఆ చక్రాలకు 15 మీటర్లుండాలి, వంపు తిరిగే చోట ఇంకా ఎక్కువ. ఇదంతా విమానాలు ఆపి చేయాల్సిన పని. మొదటే చేసుంటే ఒక టెండరుతో పోయేది. ఇప్పుడు ఎన్ని టెండర్లో, ఎన్ని నెలల మూతో మీరే చెప్పాలి.

ఎయిర్‌బస్ ఎందుకయ్యా మీకు, ఏటీఆర్ చాలదా అని ఒక ఆఫీసరు గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ దేశంలో ఏటీఆర్‌లు నడిపే కంపెనీలు ఎన్ని సార్? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ విమానంలో ఉండేవి డెబ్బై ఎనభై సీట్లు. ఉడాన్ కింద ఒక రూటుకు సబ్సిడీ మూడేళ్లే. తర్వాత కంపెనీ తన లెక్క తను చూసుకుంటుంది, వాళ్లను తప్పుపట్టలేం. వేరే కంపెనీని పిలుద్దామంటే వాళ్ల దగ్గరున్న విమానాలకు మన రన్‌వే ఇరుకు. ఒక్కడికే సరిపోయే చొక్కా కుట్టించి, ఊరంతా తొడుక్కోండి అంటే ఎలా? ఓర్వకల్లు పారిశ్రామిక నోడ్‌కు 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదం వచ్చింది. ఫ్యాక్టరీలు పెట్టేవాళ్లు శంషాబాద్‌లో దిగి 200 కిలోమీటర్లు కారులో రావాలన్నమాట. మేమెలాగూ అలవాటుపడ్డాం, తెల్లవారుజామున మూడింటికి బస్సెక్కి పోతూనే ఉన్నాం.

తొందరపడి ఏదో ఒకటి చేసేయండి అని అడగడం లేదు. మంగళూరులో 2010లో 158 మంది, కోళికోడ్‌లో 2020లో 21 మంది పోయారు. రెండు చోట్లా విమానం రన్‌వే దాటిపోయి లోయలో పడింది. రన్‌వే చివర వదిలే పట్టీ తర్వాత ఇంకో 240 మీటర్ల భద్రతా స్థలం వదలమని చెప్పేది ఊరికే కాదు. రన్‌వేను ఎప్పుడైనా పొడిగించినా రెండు చివర్లా ఆ నేల ఉండాల్సిందే. ఆ నేల ఇప్పుడే గుర్తించి పెట్టారా? పెడితే మ్యాపు చూపించండి. లేకపోతే ఇంకో పదేళ్లకు అక్కడ వెంచర్లు వెలుస్తాయి, అప్పుడు మళ్లీ భూసేకరణ, మళ్లీ కోర్టులు.

అడిగేది పెద్దదేం కాదు సార్. వెడల్పు చేస్తారా, చేయరా? చేస్తే ఎప్పుడు? పనికి పూర్తి ప్రాజెక్టు నివేదిక, డీపీఆర్, ఉందా? ఉంటే ఏ టేబుల్ మీద ఉంది? చేయకపోతే చేయం అని ఒక్క కాగితం మీద రాసివ్వండి, అర్జీలు మానేస్తాను. దయచేసి ఈసారి మాత్రం పరిష్కరించబడింది అని మెసేజ్ పెట్టించకండి. ఓర్వకల్లు బస్సు చార్జీలు నాకు భారమవుతున్నాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఈ,
కర్నూలు