మా అబ్బాయి విషయంలో తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి కోపం, మొండితనం ఇంటిల్లిపాదినీ కుంగదీసిన సమయంలో మాకు అండగా నిలిచిన వారందరికీ మావారి తరఫున, మా అత్తగారి తరఫున, నా తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను.

ముందుగా, ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలీమానస్ వారికి. అబ్బాయి బడి ఎగ్గొట్టడం నుంచి వస్తువులు విసిరేయడం దాకా వచ్చినప్పుడు నేను 14416కు ఫోన్ చేస్తే, మేము బెంగళూరులో ఉన్నా నాతో తెలుగులోనే మాట్లాడి, ఎక్కడా తొందరపెట్టకుండా విన్నారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ ఉచిత సేవకు ఇక్కడి మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ప్రధాన కేంద్రం. వారి సలహా మీదే తల్లిదండ్రుల శిక్షణ తరగతుల్లో చేరాం.

అక్కడి కౌన్సెలర్ మేడమ్ గారి ఋణం తీర్చుకోలేనిది. పెద్దలు ఆజ్ఞాపించడం, పిల్లవాడు ఎదురుతిరగడం, ఇద్దరి గొంతులూ పెరగడం, చివరికి పెద్దలు విసిగి వదిలేయడం, దాంతో అరిస్తే పని జరుగుతుందని పిల్లవాడికి అలవాటు కావడం అనే ఈ వలయాన్ని అమెరికాలోని ఒరెగన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కుటుంబాలను స్వయంగా పరిశీలించి వివరించారని, అందుకే శిక్షణ పెద్దలతో మొదలవుతుందని ఆమె మాకు ఓపికగా చెప్పారు.

చెప్పి ఊరుకోలేదు, చేయించారు. ఆమె మా అబ్బాయిలా కూర్చుని "తర్వాత చూద్దాంలే" అని ముఖం తిప్పుకుంటే, మావారు "తొమ్మిదిన్నరకు ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కు పెట్టాలి" అని ఒక్క మాట చెప్పి, గొంతు పెంచకుండా ఆగాలి. ఆ ఆగడమే అన్నిటికన్నా కష్టం. మాట వినకపోతే మర్నాడు సాయంత్రం ఒక్కపూట మాత్రమే ఫోన్ ఇవ్వకూడదు. నెలల తరబడి లాక్కుంటే పిల్లవాడికి ఇక పోగొట్టుకునేదేమీ ఉండదు కనుక మాట వినే కారణమూ ఉండదని ఆమె అన్న మాట నాకు చాలా విలువైనదిగా తోచింది. నియమాల కాగితం అబ్బాయితో కలిసి రాసుకున్నాం. తన గదిలోకి వచ్చేముందు మేము తలుపు తట్టాలని వాడు చేర్చిన నియమం కూడా అందులో ఉంది.

మా అత్తగారు ఆ తరగతులకు మాతోపాటు వచ్చారు. మనవడు ఎంత బతిమాలినా "మీ నాన్న చెప్పిందే నా మాట" అని ఆమె నిలబడకపోతే ఈ కాగితం ఒక్క వారం కూడా నిలిచేది కాదు.

అబ్బాయి ఇప్పటికీ కొన్ని రోజులు బడికి వెళ్లనంటాడు. అలాంటి ఉదయాల్లో ఫోన్ చేసి మాట్లాడే క్లాస్ టీచర్ గారికి, తరగతుల్లో పరిచయమై నేటికీ యోగక్షేమాలు కనుక్కుంటున్న కె.ఆర్.పురం, మారతహళ్లి తెలుగు కుటుంబాలకు కూడా మా నమస్కారాలు. అబ్బాయిని అడిగే ఇది రాస్తున్నాను. తన పేరు రాయవద్దన్నాడు, రాయలేదు.