నల్ల స్టాండ్లు వెనక్కి తెచ్చేయండి

గత దీపావళి నుంచి ఈ వినాయక చవితి దాకా మద్రాసు సాలిగ్రామంలోని మన షాపులో డబుల్ బేస్‌కి (మనిషంత ఎత్తుండే, వయొలిన్ లాంటి వాయిద్యం) నల్ల ఇనుప స్టాండు కొన్నవాళ్ళు ముందు ఒక పని చెయ్యండి. బేస్‌ని దాని మీంచి దించి, గోడ వారగా నేల మీద పక్కకి పడుకోబెట్టండి. మిగతాది తరవాత చదవొచ్చు.

చవితి వెళ్ళిన మంగళవారం. షాపు తెరిచి పావుగంట అయిందేమో. మా కుర్రాడు నేల తుడుస్తున్నాడు, నేను ఒక వయొలిన్‌కి బిరడాలు సరిచేస్తూ కూర్చున్నాను. అద్దెకిచ్చే పాత బేస్ మూడు నెలలుగా ఆ స్టాండు మీదే ఉంది. మీలో చాలామంది దాన్ని వాయించే ఉంటారు. ఎవరూ ముట్టుకోలేదు. ఉన్నట్టుండి ఎడమ పక్కకి కొంచెం తిరిగింది, ఎవరో పిలిస్తే చూసినట్టు. నేను లేచి రెండడుగులు వేసేలోపు బోర్లా పడింది. పడిన చప్పుడు కంటే దాని వెనకాలే వచ్చిన చిన్న చప్పుడుకే నాకు గుండె జారింది. డొల్లలో కర్రముక్క దొర్లుతున్న చప్పుడు. సౌండ్ పోస్ట్ ఊడిపోయింది.

ఆ కర్రముక్కని ఎవరూ జిగురు పెట్టి అతికించరు. ముందు పలకకీ వెనక పలకకీ మధ్య ఒత్తిడి మీదే నిలబడుతుంది. తీగల్ని మోసే చెక్క, బ్రిడ్జ్ కూడా అంతే (ఇక్కడి తమిళ వాద్యకారులు కుదిరై అంటారు, గుర్రం అని). తీగలు పట్టి ఉంచితేనే అది ఉంటుంది. నాలుగు తీగలూ కలిసి వంద కిలోలకు పైగా లాగుతుంటాయి. లోపల పోస్ట్ లేకుండా ఆ ఒత్తిడంతా బ్రిడ్జ్ కాళ్ళ కింద పలక మీద పడితే పలక కుంగుతుంది. అందుకని నేను బేస్‌ని లేపకముందే పక్కకి ఒరిగించి తీగలు వదులు చేశాను. ఎప్పుడైనా మీ బేస్ పడితే మీరూ అదే చెయ్యండి. ముందు తీగలు, తరవాత కన్నీళ్ళు.

నష్టం ఏంటంటే బ్రిడ్జ్ రెండు ముక్కలు, మెడ మొదట్లో చీలిక, ముందున్న స్ప్రూస్ చెక్క పలక మీద ఎఫ్ రంధ్రం (f అక్షరంలా కోసిన బెజ్జం) నుంచి కిందికి జానెడు బీట. వెనక పలక ప్లై కాబట్టి దానికేం కాలేదు. మూడు వారాలుగా క్లాంపుల్లోనే ఉంది. అద్దెకి అడిగినవాళ్ళకి 'రిపేర్‌లో ఉంది' అని మాత్రమే చెప్పాను. ఎందుకు రిపేర్‌లో ఉందో ఇప్పుడు చెబుతున్నాను.

స్టాండు విప్పి బల్ల మీద పెట్టి చూస్తే తెలిసింది. బేస్ నడుముని పట్టుకునే రెండు చేతులూ నిలువు గొట్టానికి చేత్తో తిప్పే ఒక్క మర మీదే ఆగుతున్నాయి. మేకు లేదు, బెజ్జం లేదు. బేస్‌ని తీసి పెట్టిన ప్రతిసారీ ఆ చెయ్యి కాస్త కదులుతుంది, దాంతో మర ఒక వెంట్రుకవాసి తిరుగుతుంది. రోజుకి నాలుగుసార్లు తీస్తే నెలకి ఎన్నిసార్లో మీరే లెక్కేసుకోండి. దానికి తోడు ముందు కాలు పొట్టి. బేస్ బరువు సుమారు 10 కిలోలే, కానీ అది ఆరడుగుల మనిషంత ఎత్తు. ఎత్తుగా ఉన్నది కాస్త ఒరిగిందంటే తన బరువే తనని కిందికి లాగేసుకుంటుంది.

ఇది నాకు ముందే తెలియాల్సింది. నిజానికి తెలిసింది కూడా. జూన్‌లో వలసరవాక్కం నుంచి ఒకమ్మ ఫోన్ చేసి, "స్టాండు చెయ్యి రోజురోజుకీ కిందికి దిగుతోందండీ, మా బాబు భయపడుతున్నాడు" అన్నారు. "గట్టిగా బిగించండమ్మా, ఏం కాదు" అని నేను పెట్టేశాను. మా బేస్ పడిన రోజు సాయంత్రం ఆవిడకే మొదటి ఫోన్ చేశాను. అంతా విని, "మేం చెప్పాం కదండీ" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ బాబు బేస్ క్షేమంగానే ఉంది, స్టాండు మడిచి మంచం కింద పెట్టేశాడట. వాడికున్న తెలివి నాకు లేకపోయింది.

కాబట్టి స్టాండు తెచ్చేయండి, డబ్బు మొత్తం ఇచ్చేస్తాను. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు, ఎవరికి అమ్మానో నోటుబుక్కులో ఉంది. దాని వల్ల మీ బేస్‌కి ఎక్కడైనా దెబ్బ తగిలి ఉంటే చూపించండి, కూలి తీసుకోను. తీగలూ బ్రిడ్జూ కొత్తవి వెయ్యాల్సి వస్తే మాత్రం వాటి కొన్న ధర మీరే ఇవ్వాలి. అది కూడా మోసేంత స్తోమత నాకు లేదు, దాచడం ఎందుకు.

మరి ఏ స్టాండు కొనాలి అంటారా? నేనైతే మొదట లాక్ చూస్తాను. ఒట్టి బిగింపు మీద ఆగేది వద్దు, బెజ్జంలోకి మేకు దిగి కూర్చునేది కావాలి. తరవాత బరువు ఎక్కడ ఆనుతోందో చూడండి. బేస్ కింది అంచులు స్టాండు కొక్కేల్లో కూర్చోవాలి, చేతులు ఒరగకుండా ఆపాలి, అంతే. పక్క చెక్కలని నొక్కి పట్టుకునే రకం అయితే దండం పెట్టి వచ్చెయ్యండి. ఆ చెక్కలు చాలా పలచగా ఉంటాయి. షాపులో మీ బేస్‌నే ఎక్కించి, మెడ దగ్గర ఒక్క వేలితో ముందుకీ పక్కకీ నెట్టండి. ఊగి మళ్ళీ కుదురుకుంటే సరే. ఒక కాలు నేల వదిలిందా, ధర ఎంత తగ్గించినా వద్దు.

ఇంకోటి, స్టాండుకి చుట్టిన రబ్బరు. దీని గురించి అమ్మేవాళ్ళు చెప్పరు, నేనూ చెప్పలేదు. స్పిరిట్ వార్నిష్, నైట్రో లాకర్ వేసిన వాయిద్యాలకి కొన్ని రబ్బర్లు పడవు. ఆనిన చోట వార్నిష్ మెత్తబడి జిగటగా అవుతుంది, తరవాత నల్లటి మచ్చ మిగులుతుంది. మన మే నెల ఎండల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మందపాటి నూలు గుడ్డ చుట్టండి. పాత పంచె రెండు మడతలు వేస్తే చాలు, అప్పుడప్పుడూ మారుస్తూ ఉండండి.

ఇంతకీ స్టాండు కావాలా? స్టాండ్లు అమ్మేవాడు అడగకూడని ప్రశ్నే, అయినా అడుగుతున్నాను. నాకు పని నేర్పిన పెద్దాయన కోడంబాక్కం స్టూడియోల్లో ఆర్కెస్ట్రా వాయిద్యాలు బాగుచేసేవారు. అప్పట్లో టీ బ్రేక్ అనగానే బేస్ వాయించేవాళ్ళు ఎండ్ పిన్ (బేస్ అడుగున ఉండే కాలు) లోపలికి తోసేసి, బేస్‌ని పక్కకి పడుకోబెట్టి వెళ్ళేవారట. నేల మీదున్నది ఇంకెక్కడికి పడుతుంది? ఇంట్లో బేస్ పట్టేంత చోటు, తిరిగే పిల్లలు లేని గది ఉంటే నేనిప్పటికీ అదే చెబుతాను. వెల్లకిలా వద్దు, బోర్లా అసలే వద్దు. పక్కకి పడుకోబెట్టి, కింద దుప్పటి పరిచి, బ్రిడ్జ్ ఉన్న వైపు గోడకి తిప్పండి. ఎండ్ పిన్ బయటికి పొడుచుకుని ఉంటే రాత్రి బాత్రూంకి లేచినవాళ్ళ కాలికి తగులుతుంది. కాలికీ దెబ్బే, బేస్‌కీ దెబ్బే.

మూలన నిలబెట్టే పద్ధతి కూడా ఉంది, మొహం మూలవైపు ఉండేలా. అదీ ఫర్వాలేదు కానీ మన ఇళ్ళల్లో టైల్సు. తడిగుడ్డ పెట్టిన పావుగంట ఎండ్ పిన్ రబ్బరుకి పట్టు ఉండదు. కింద కొబ్బరిపీచు పట్ట ఒకటి వెయ్యండి.

ఇక చెమ్మ. ఐప్పసి (అక్టోబరు సగం నుంచి వచ్చే తమిళ నెల) వానలు ఇదిగో వచ్చేస్తున్నాయి, డిసెంబరు దాకా మనకి ఇదే గోల. గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే చెక్క హాయిగా ఉంటుంది. మద్రాసులో అది వట్టి కల. నిజానికి తేమ ఎక్కువగా ఉన్నా ఒకే తీరుగా ఉంటే చెక్క ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిది ఊగిసలాట. పగలంతా ఏసీ వేసి రాత్రి కట్టేసే గదిలో చెక్క రోజూ బిగుసుకుని, రోజూ ఉబ్బుతుంది. దానికంటే ఫ్యాను మాత్రమే ఉండే గది మేలు. బయటి గోడకి ఆనించకండి, వానాకాలంలో ఆ గోడ లోపలిదాకా నానుతుంది. ఏసీ కింద కూడా వద్దు, నీళ్ళు కారే ఏసీ కింద మరీ వద్దు.

అతుకు విచ్చుకుంది అని కంగారుగా ఫోన్ చేసేవాళ్ళకి ఒక మాట. మేం పలకలు అంటించేది సరేసుతో (తోలు నుంచి చేసే జిగురు), అదీ ముందు పలకకి కావాలనే కాస్త పలచగా. చెక్క బిగుసుకున్నా ఉబ్బినా పలక బీటలు వారే బదులు అతుకు విచ్చుకోవాలి, అలా అయితే గంటలో మళ్ళీ అంటించొచ్చు. మీరే ఫెవికాల్ పోసి నొక్కేశారంటే మాత్రం నాకు రెండు రోజుల పని, మీకు నాలుగింతల బిల్లు. కుర్చీలకి, తలుపులకి అది మంచిదే. బేస్ జోలికి తేవద్దు.

ఊరెళ్ళేటప్పుడు నాలుగు తీగలూ ఒకేసారి వదిలెయ్యకండి, పోస్ట్ పడిపోతుంది. కావాలంటే అరస్వరం దించండి. బో (వాయించే కమాను) మాత్రం తప్పకుండా వదులు చెయ్యండి. చీకటి పెట్టెలో నెలల తరబడి పెడితే బో వెంట్రుకలని పురుగులు కొరికేస్తాయి, పదిహేను రోజులకోసారి ఎండ తగలని గాలికి తీసి ఉంచండి.

దసరా వస్తోంది కాబట్టి ఇదీ చెప్పాలి. ఆయుధ పూజకి గంధం, కుంకుమ పెట్టొద్దని నేననను, మా షాపులోనూ పెడతాం. స్ప్రూస్ పలక మీద మాత్రం పెట్టకండి. గంధం తడి వార్నిష్‌లోకి దిగితే ఆ బొట్టు వచ్చే దసరాకి కూడా అక్కడే ఉంటుంది. టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు తగిలించే ముక్క) మీద పెట్టండి, సరస్వతీ దేవి ఏమీ అనుకోదు.

మన దగ్గర బేస్‌లు దాచుకునే వాళ్ళకి ఒక మార్పు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, అంతకు ముందురోజే మనల్ని ముంచింది. అప్పుడు షాపులోకి వచ్చిన నీళ్ళు బల్లల కాళ్ళ దగ్గర ఆగబట్టి సరిపోయింది. ఇంకోసారి అదృష్టాన్ని నమ్ముకోలేను. ఈ నెల నుంచి దాచే వాయిద్యాలన్నీ పై అంతస్తు గదిలో ఉంటాయి. అద్దె పెరిగింది కాబట్టి నెలకి 600 ఉన్నది 850 అవుతుంది. ఇప్పటికే ఏడాదికి కట్టినవాళ్ళకి ఆ ఏడాది అయ్యేదాకా పాత రేటే. మెట్లు ఇరుకు, కాబట్టి బేస్ కావాలంటే ఒకరోజు ముందు చెప్పండి. దాన్ని దించడానికి ఇద్దరం కావాలి.

నల్ల స్టాండు బదులుగా మా వడ్రంగి చేత మందపాటి ప్లైవుడ్‌తో పెట్టె లాంటిది ఒకటి చేయిస్తున్నాను. బేస్ అడుగు అందులో కూర్చుంటుంది, ఎండ్ పిన్ బెజ్జంలోకి దిగుతుంది. చూడ్డానికి బియ్యం డబ్బాలా ఉంటుంది, మడతపడదు, కారులో పట్టదు. నెలకి నాలుగుకి మించి చెయ్యలేమన్నాడు. మొదటిది షాపులోనే పెట్టి, పడిపోయిన ఆ బేస్‌నే దాని మీద నిలబెట్టి సంక్రాంతి దాకా చూస్తాను. అప్పటిదాకా అమ్మను, అడ్వాన్సులూ తీసుకోను.

స్టాండు ఇవ్వడానికి వచ్చేటప్పుడు బేస్‌ని మోసుకురానక్కర్లేదు. ఎండ్ పిన్ రబ్బరు ఒక్కటి ఊడదీసి జేబులో వేసుకురండి. అరిగి ఉంటే కొత్తది ఊరికే ఇస్తాను. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో పదింటి నుంచి ఉంటాను.