మా వాట్సాప్ నుంచి వచ్చిన ఆ మెసేజ్ గురించి, మీరు పంపిన డబ్బు గురించి

నమస్కారమండీ. గుంటూరు నుంచి, మీరు ఏటా ఆవకాయ తెప్పించుకునే పచ్చళ్ల షాపు నుంచి రాస్తున్నాను. మే రెండో వారంలో మా నంబరు నుంచి మీలో చాలామందికి ఒక మెసేజ్ వచ్చింది. "డియర్ సర్, అర్జెంట్‌గా డబ్బు కావాలి, మా యూపీఐ పనిచేయడం లేదు, ఈ క్యూఆర్‌కి పంపండి, సాయంత్రం ఇచ్చేస్తాను" అని. అది నేను పంపింది కాదు. కానీ నా నంబరుతో, నా ఫొటోతో వచ్చింది కాబట్టి నమ్మి 11 మంది డబ్బు పంపారు. మొత్తం 64,500 రూపాయలు.

ఆ డబ్బు మీకు నేను బాకీ. మా పేరు చూసి ఇచ్చారు, అందుకని మేమే తిరిగి ఇస్తున్నాం. ఇప్పటికి ఎనిమిది మందికి ఇచ్చేశాం. మిగిలిన ముగ్గురికి ఈ నెలాఖరులోపు అందుతుంది. ఒక పెద్దాయన, రిటైర్డ్ మాస్టారు, 18,000 పంపారు. తిరిగి ఇవ్వబోతే "నీ తప్పేముందమ్మా, వద్దు" అన్నారు. అయినా ఆయన ఖాతాలో వేశాను. ఆ ఇంట్లో ఆడపిల్ల సీమంతానికి మా దగ్గర పచ్చళ్లు కొన్నారన్న చనువుతో, ఆపదలో ఉన్నాననుకుని పంపిన డబ్బు అది.

ఇక ఆ రోజు ఏం జరిగిందో దాచకుండా చెబుతాను.

పొద్దున్నే మామిడికాయల లోడు దిగింది. ముక్కలు కొట్టేవాళ్లు నలుగురు, జీడి తీసి తుడిచేవాళ్లు ఆరుగురు. ముక్కకు తడి తగలకూడదు, కొట్టిన ముక్క సాయంత్రం దాకా అలా ఉండకూడదు. ఒకపక్క ఆవపిండి పడుతున్నాం. హైదరాబాద్ నుంచి రావాల్సిన జార్ల పార్సిల్ రెండు రోజులుగా రాలేదు, ఆ టెన్షన్ వేరే. 11:20కి ఫోన్ వచ్చింది. "మేడం, కొరియర్ నుంచి. మీ పార్సిల్ వచ్చింది, అడ్రస్ దొరకడం లేదు. డెలివరీ బాయ్ నంబరు మెసేజ్ పెట్టాను, దాన్ని అలాగే నొక్కి ఒక్కసారి కాల్ చేయండి. లేకపోతే రిటర్న్ వెళ్లిపోతుంది." నొక్కాను.

నా జార్ల సంగతి అతనికి ఎలా తెలిసిందా అని తరువాత చాలాసేపు ఆలోచించాను. అతనికి తెలియాల్సిన పనే లేదు. పచ్చళ్ల షాపుకు రోజూ పార్సిళ్లు వస్తుంటాయి, పోతుంటాయి. కొరియర్ అని ఏ రోజు ఫోన్ చేసినా సరిపోతుంది. నా నంబరు ప్రతి జార్ మీదా అచ్చు వేసి ఉంటుంది.

అతను పంపిన నంబరు స్టార్ 21 స్టార్ అని మొదలైంది. తరువాత పది అంకెల మొబైల్ నంబరు, చివర హాష్. అది డెలివరీ బాయ్ నంబరు కాదు. నాకు వచ్చే కాల్స్ అన్నీ ఆ పది అంకెల నంబరుకు మళ్లించమని నెట్‌వర్క్‌కు నా చేత్తో నేనే చెప్పానన్నమాట. కొన్ని నెట్‌వర్కుల్లో ఇదే పనికి 401తో మొదలయ్యే కోడ్ ఉండేది. ఆ వెంటనే అతను తన ఫోన్‌లో వాట్సాప్ తెరిచి నా నంబరు కొట్టాడు. ఆరంకెల కోడ్ ముందు ఎస్సెమ్మెస్‌గా నాకే వచ్చింది. అది వచ్చిన చప్పుడు విన్నాను, చేతికి నూనె, కారం ఉన్నాయని చూడలేదు. ఎస్సెమ్మెస్ అందకపోతే కాల్ చేసి చెప్పమని అడిగే వీలు వాట్సాప్‌లో ఉంది. ఆ కాల్ అతనికి మళ్లింది. నాలుగు నిమిషాల్లో నా వాట్సాప్ అతనిదైపోయింది. నా ఫోన్‌లో అది లాగౌట్ అయింది. నెట్ పోయిందనుకుని పనిలో పడ్డాను.

నన్ను ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది దీని తరువాత జరిగింది. డబ్బు అడిగితే ముందు ఫోన్ చేసి కనుక్కోవాలని అందరూ చెబుతారు కదా. మీలో కొందరు సరిగ్గా అదే చేశారు. కానీ నా కాల్స్ అన్నీ అతనికే వెళ్తున్నాయి. విజయవాడ నుంచి ఒకావిడ ఫోన్ చేస్తే ఎవరో మగమనిషి ఎత్తి, "మేడం బిజీ, నేను షాపు అబ్బాయిని, అవును మేడమే అడిగారు" అని వచ్చీ రాని తెలుగులో చెప్పాడట. ఆవిడ 5,000 పంపారు. చేయాల్సిన జాగ్రత్త చేసి కూడా మోసపోయారు. ఆవిడ పొరపాటు ఇందులో ఇసుమంత కూడా లేదు. మే నెలలో మా ఫోన్ గంటసేపు మోగకుండా ఉండటం ఎప్పుడూ జరగదు. అది నేను గమనించాల్సింది.

పట్టుకున్నది ఇద్దరు. డల్లాస్‌లో ఉండే ఒక కస్టమర్ ఆ మెసేజ్ చూసి నమ్మలేదు. "మీరు నన్ను ఎప్పుడూ బాబూ అంటారు, ఇందులో డియర్ సర్ అని ఉంది. పైగా మీరు టైప్ చేయరు, వాయిస్ పెడతారు" అని తరువాత చెప్పారు. నాకు ఫోన్ తగలకపోయేసరికి గుంటూరులో ఉన్న వాళ్ల అమ్మగారికి చెప్పారు. ఆవిడ ఎండలో ఆటో ఎక్కి షాపుకు వచ్చి, "ఏమ్మా, డబ్బుకు ఇబ్బందిగా ఉందా?" అని అడిగారు. అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ రాకపోతే ఇంకెంతమంది పంపేవారో.

పక్కనున్న మొబైల్ షాపు అబ్బాయిని పిలిచాం. అతను ముందు ##002# డయల్ చేశాడు, మళ్లింపులన్నీ రద్దయ్యాయి. తరువాత వాట్సాప్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, ఎస్సెమ్మెస్‌లో వచ్చిన కోడ్ కొట్టాడు. ఆ క్షణంలోనే ఆ దొంగ బయటకు పోయాడు. కానీ ఆ దొంగ అప్పటికే నా వాట్సాప్‌కు రెండో పిన్, అంటే టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్, పెట్టేశాడు. ఆ పిన్ తెలియకపోతే ఏడు రోజులు ఆగాలి. అందుకే మంచి సీజన్‌లో వారం రోజులు మా వాట్సాప్ మూగబోయింది, మీ ఆర్డర్లకు జవాబు రాలేదు. ఆ టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ ముందే నేను పెట్టుకుని ఉంటే, కోడ్ వినగలిగినా అతను లోపలికి వచ్చేవాడు కాదు. రెండు నిమిషాల పని. చేసుకోలేదు.

మధ్యాహ్నమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. డబ్బు ఎవరి ఖాతాలోంచి పోయిందో వాళ్లే చెబితే త్వరగా ఆపగలుగుతారని తెలిసి, మా వారి ఫోన్ నుంచి ఒక్కొక్కరికీ కాల్ చేసి వాళ్ల చేత కూడా చేయించాం. అరగంటలోపే చెప్పిన ఇద్దరి డబ్బులో కొంత అవతలి బ్యాంకులో ఆగింది. అది ఇంకా చేతికి రాలేదు. అది వచ్చేదాకా మీరు ఆగనక్కర్లేదు, మేం మీకు ఇచ్చేస్తాం.

మీ వివరాలు ఏమయ్యాయని చాలామంది అడిగారు. పాత చాట్లు నా ఫోన్‌లోనే ఉంటాయి, కొత్త ఫోన్‌లో నంబరు ఎక్కించినంత మాత్రాన అతనికి కనిపించవు. కాల్స్ మళ్లాయి తప్ప ఎస్సెమ్మెస్‌లు మళ్లలేదు, అందుకే బ్యాంకు ఓటీపీలు అతనికి అందలేదు. మా ఖాతాలో రూపాయి పోలేదు. కానీ ఆ రెండున్నర గంటల్లో మీరు పంపిన మెసేజ్‌లు అతని చేతికి వెళ్లాయి. నలుగురు అడ్రసులు పెట్టారు, ఒకరు పేమెంట్ స్క్రీన్‌షాట్ పెట్టారు. ఆ ఐదుగురితో నేనే మాట్లాడాను.

మరి మీ అందరి నంబర్లు అతనికి ఎలా దొరికాయి? దానికి కారణం నేనే. మూడేళ్ల కిందట "కొత్త పచ్చళ్లు" అని ఒక గ్రూప్ పెట్టి 212 మందిని చేర్చాను. ఎవరినీ అడగలేదు. గ్రూప్‌లో ఉన్నవాళ్లందరికీ అందరి నంబర్లూ కనిపిస్తాయి. వాట్సాప్ చేతులు మారినా గ్రూప్ మారదు. అతను లోపలికి రాగానే ఆ 212 నంబర్లూ తెరిచిన జాడీలా కనబడ్డాయి. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ప్యాక్ చేసిన పెట్టెల ఫొటోలు సంతోషంగా స్టేటస్‌లో పెట్టేదాన్ని. వాటి మీద మీ పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు చదవగలిగేలా ఉండేవి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చిందని విన్నప్పుడు, అది పెద్ద కంపెనీల గొడవ అనుకున్నాను. ఒక ఆడపిల్ల హాస్టల్ అడ్రస్ నా స్టేటస్‌లో ఊరంతా చూసేలా పెట్టానని ఇప్పుడు తలుచుకుంటే మనసు చివుక్కుమంటోంది. క్షమించండి.

ఎందుకింత పట్టింపు అంటే, అలాంటి చిన్న వివరమే మోసానికి పెట్టుబడి. "మీ పార్సిల్" అని గాలిలో రాయి వేస్తే కొందరు నమ్మరు. "గుంటూరు నుంచి అమెరికాకు మీరు పంపిన రెండు కేజీల గోంగూర పార్సిల్" అంటే ఎవరైనా ఆగి వింటారు. ఆ తరువాత అందులో డ్రగ్స్ దొరికాయంటారు, పోలీసు డ్రెస్సులో ఉన్నవాడు వీడియో కాల్‌లోకి వస్తాడు, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, ఫోన్ పెట్టేయకూడదంటాడు. మా దగ్గర నుంచి పిల్లలకు పచ్చళ్లు పంపే పెద్దవాళ్లకు ఇది ముఖ్యంగా చెబుతున్నాను. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేదు. 2024 అక్టోబరులో ప్రధాని కూడా మన్ కీ బాత్‌లో ఈ మాటే చెప్పారు. అలాంటి కాల్ వస్తే పెట్టేసి, పార్సిల్ సంగతి మమ్మల్ని అడగండి. మేం పంపినదాని రసీదు మా దగ్గర ఉంటుంది. మన గ్రూప్‌లో ఉన్న ఇద్దరికి ఈ మధ్య పెళ్లిపత్రిక పేరుతో ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్, వచ్చిందట. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఇన్‌స్టాల్ చేయమని అడిగితే అది శుభలేఖ కాదు, మీ ఎస్సెమ్మెస్‌లు చదివే యాప్ అయి ఉంటుంది. తెరవకండి.

ఇప్పుడు మేం మార్చినవి. గ్రూప్ తీసేశాం. ఇకనుంచి బ్రాడ్‌కాస్ట్ లిస్టే, అందులో ఒకరి నంబరు మరొకరికి కనిపించదు. అయితే మా నంబరు మీ ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే ఆ మెసేజ్ మీకు అందుతుంది, ఇష్టమైనవాళ్లు సేవ్ చేసుకోండి. పాత ప్యాకింగ్ ఫొటోలన్నీ తీసేశాం. పార్సిల్ చేరి నెల దాటాక మీ అడ్రస్ మా ఫోన్‌లో ఉంచం. మళ్లీ ఆర్డర్ చేసినప్పుడు మళ్లీ అడుగుతాం, విసుగనుకోకండి. పెట్టె విప్పాక పైన అంటించిన కాగితం చింపి పారేస్తే మంచిది. పేమెంట్ స్క్రీన్‌షాట్లు పంపొద్దు, డబ్బు పడితే మా స్పీకరే చెబుతుంది.

జార్ మీద ఇకనుంచి రెండు నంబర్లు ఉంటాయి. రెండోది మా వారిది, వేరే నెట్‌వర్క్‌ది, దాంట్లో వాట్సాప్ లేదు. ఏ మెసేజ్ మీదైనా అనుమానం వస్తే రెండింటికీ చేయండి. ఒకదాంట్లో కొత్త గొంతు వినిపిస్తే పెట్టేయండి. డబ్బు పంపే ముందు యూపీఐ యాప్‌లో బ్యాంకులో ఉన్న పేరు కనిపిస్తుంది. అక్కడ జార్ మీద ఉన్న మా షాపు పేరే ఉండాలి. మనిషి పేరు కనిపిస్తే అది మేం కాదు. అప్పు కోసం, అడ్వాన్స్ కోసం మేం ఎప్పుడూ మెసేజ్ పెట్టం. నిజంగా అవసరం పడితే నేనే మీ ఇంటికి వచ్చి అడుగుతాను, పదిహేనేళ్ల పరిచయం మనది.

మీ ఫోన్ కాల్స్ ఎటైనా మళ్లుతున్నాయేమో చూసుకోవాలంటే *#21# డయల్ చేయండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ కిందకు వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో కూడా పెట్టండి. చేతకాకపోతే షాపుకు తీసుకురండి, మా అమ్మాయి పెట్టిస్తుంది. పిన్ మాత్రం మీరే కొట్టుకోవాలి, మాకు చూపించొద్దు.

ఆర్డర్లు మళ్లీ తీసుకుంటున్నాం. ఆ రోజు కలిపిన ఆవకాయ మూడో రోజు తిరగకలిపాం, నూనె బాగా తేలింది, ముక్క గట్టిగా ఉంది. వారం రోజులు జవాబు రాక వేరేచోట కొనుక్కున్నవాళ్లను తప్పు పట్టను. మాగాయ ఎండుతోంది, ఇంకో పది రోజులు పడుతుంది.

డబ్బు పంపి, చెప్పడానికి మొహమాటపడి ఊరుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఐదొందలైనా సరే. షాపు ఉదయం తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది, నేను కౌంటర్ దగ్గరే ఉంటాను.