కాళేశ్వరం ఘాటు కాడ సాయం చేసిన అన్నకు

అన్నా నీ పేరు అడిగేలోపే పోయినవ్, అందుకే ఇట్ల రాస్తున్న. మేం మహారాష్ట్రల ఉన్న సిరొంచోళ్ళం, అమ్మ అస్థికలు కలపడానికి కాళేశ్వరం వచ్చినం, బాపుకు మోకాళ్ళు పనిచెయ్యవ్, ఇసుకల నడవలేక ఆగిపోతే నువ్వు ముందు మరాఠీల అడిగి తర్వాత తెలుగుల మాట్లాడి నీ బండి మీద నీళ్ళ దాకా తీసుకపోయి, పిండాలు పెట్టేదాంక ఆయన భుజం పట్టుకొని నిలబడ్డవ్. సొంతోళ్ళు కొందరు ఫోన్ల పరామర్శతోనే సరిపెట్టిన్రు, అది వేరే ముచ్చట.

మా అమ్మ ఎండాకాలం తునికాకు తెంపి మమ్మల్ని చదివించింది. బ్రిడ్జి లేనప్పుడు శివరాత్రికి పడవల గోదారి దాటించి గుడికి తీసుకొచ్చేది, ఒకే పానవట్టం మీద రెండు లింగాలు చూపిచ్చి, ముక్తేశ్వరుని లింగంల పోసిన నీళ్ళు ప్రాణహిత గోదారి కలిసేకాడ తేల్తయ్ అని చెప్పేది. ఆ సంగమంలనే అమ్మను కలిపినం.

పైసలియ్యబోతే "ముందు ముసలాయనకు ఛాయ్ తాపు" అన్నవ్. శానా థ్యాంక్స్ అన్నా. బాపు రోజూ నిన్నే యాది చేస్తుండు, సంవత్సరీకానికి నువ్వు మా ఇంట్ల తినాల్నట. ఇది చూస్తే ఒక్క మెసేజ్ పెట్టు, ఆ ఛాయ్ పైసలు గూడ నువ్వే కట్టినవ్ కదా.