మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వార్షిక నివేదిక 2024–25 (లిఫ్టు, బోరు, ఇంకా రంగు మారిన చేపలు)

సభ్యులందరికీ నమస్కారం అండి. ఏప్రిల్ 2024 నుంచి మార్చి 2025 దాకా మన అసోసియేషన్ ఏం చేసిందో చెప్పే నివేదిక ఇది. సెక్రటరీగా నేనే టైప్ చేస్తున్నా కాబట్టి భాష మన వాట్సాప్ గ్రూపులో ఉన్నట్టే ఉంటుంది, సర్దుకుపోండి. పోయినేడు నివేదికలో మూడో పేజీ రెండుసార్లు ప్రింటైంది, ఒక్కరు కూడా అడగలేదు, అంటే ఎంతమంది చదివారో నాకు అర్థమైంది. ఈసారి చేపల గొడవ ఉంది కాబట్టి చదువుతారనే నమ్మకం.

ముందు తొందరగా అయిపోయేవి. రెండు లిఫ్టులకీ ఏఎంసీ రెన్యూ చేశాం. మే నెలలో బోరు ఎండింది, ట్యాంకర్లు తెప్పించాం, జులై వానలకి నీళ్ళు మళ్ళీ ఎక్కాయి. టెర్రస్ మీద వాటర్ ప్రూఫింగ్ ఏ బ్లాక్‌కి అయిపోయింది, బి బ్లాక్‌ది ఈ ఎండాకాలం. వినాయక చవితి, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి, చందా లెక్కలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. పార్కింగ్ గురించి నేను ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయను, జనరల్ బాడీలో ఎలాగూ గంటన్నర పోతుంది.

ఇప్పుడు చేపలు. ఈ ఏడాది కమిటీ మీటింగుల్లో డబ్బుల కంటే ఎక్కువసేపు మాట్లాడుకున్నది వీటి గురించే, కాబట్టి మొదట్నుంచీ రాస్తా.

ఎంట్రన్సులో బిల్డర్ కట్టి వదిలేసిన ఫౌంటెన్ తొట్టి మీ అందరికీ తెలుసు, పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, నీళ్ళు రెండడుగులు, మూడు వేల లీటర్ల పైనే పడతాయి. ఫౌంటెన్ ఎటూ పనిచేయదు, దోమలు పెరుగుతున్నాయి అని 2023 డిసెంబర్‌లో అందులో 20 గోల్డ్‌ఫిష్‌లు వేశాం. 12 కామెట్లు, అవి మామూలు నారింజ రంగు పొడుగు తోకవి. 4 బ్లాక్ మూర్‌లు, కళ్ళు బయటికి పొడుచుకొచ్చి బొగ్గులా నల్లగా ఉండేవి. 4 షుబుంకిన్లు, ఒంటి మీద నీలం, నలుపు, ఎరుపు చుక్కలవి. ఫిల్టరు, మోటారు కలిపి రూ. 14,500 అయ్యింది, అది పోయినేటి లెక్కలో ఉంది.

మొదటి కంప్లయింటు ఏప్రిల్‌లోనే వచ్చింది. తొట్టిలో మట్టిరంగు చేపపిల్లలు బోలెడు కనిపిస్తున్నాయి, ఎవరో చెరువులోంచి పరిగెలు తెచ్చి వేశారు అని ఒకరు, కాదు దోమల మందు వాళ్ళు దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వేసి వెళ్ళారు అని ఇంకొకరు. గ్రూపులో రెండు రోజులు ఇదే. చివరికి ఒక పిల్లని గాజు సీసాలో పట్టి చూస్తే వీపు మీది రెక్క పొడుగ్గా సగం వీపు దాకా ఉంది, తోక చీలి ఉంది. గంబూసియాకి వీపు రెక్క చిన్నది, వెనక్కి ఉంటుంది, తోక గుండ్రం. మూతి దగ్గర మీసాలు లేవు కాబట్టి బంగారు తీగ (కామన్ కార్ప్ చేప) పిల్ల కూడా కాదు. అంటే మన గోల్డ్‌ఫిష్‌లే ఫిబ్రవరి, మార్చిలో గుడ్లు పెట్టాయన్నమాట, ఆ పిల్లలే ఇవి.

మరి గోల్డ్‌ఫిష్ పిల్ల మట్టిరంగులో ఎందుకుంది అని అందరికీ అనుమానం. నిజానికి అదే దాని అసలు రంగు. చైనాలో దీని పూర్వీకులు మన బంగారు తీగకి దగ్గరి చుట్టాలైన చేపలు, బురద నీళ్ళల్లో కనపడకుండా ఉండే బూడిద–ఆకుపచ్చ రంగువి. వాటిలో అప్పుడప్పుడు ఎర్రగా పుట్టేవాటిని ఏరి చెరువుల్లో పెంచడం సాంగ్ రాజుల కాలానికే, అంటే దాదాపు వెయ్యేళ్ళ కిందటే అలవాటైపోయింది. ఆ ఏరుడు ఎంతకాలం సాగినా పిల్ల మాత్రం ఇప్పటికీ తాతల రంగులోనే మొదలవుతుంది, పెరిగే కొద్దీ నలుపు తీసేసుకుంటుంది. మామూలుగా రెండు మూడు నెలలకి మొదలై ఏడాది లోపు తేలిపోతుంది, కొన్ని మాత్రం ఎప్పటికీ మారవు. నీళ్ళు వెచ్చగా ఉంటే తొందరగా మారతాయి, చల్లగా ఉంటే నిదానం.

తీసేసుకోవడం అంటే ఎలా అంటే, చేప చర్మంలో మూడు రకాల రంగు కణాలు ఉంటాయి. నలుపువి మెలనోఫోర్లు, పసుపు–ఎరుపువి ఇంకో రకం, మూడోవి అద్దంలాగా మెరిసేవి, వాటిలో గ్వానిన్ అనే పదార్థం పలుచటి పలకల్లాగా పేర్చి ఉంటుంది. ఈ మూడూ కలిసి పైన నలుపు కప్పేస్తే మనకి మట్టిరంగు కనపడుతుంది. గోల్డ్‌ఫిష్ ప్రత్యేకత ఏంటంటే పెరిగే వయసులో ఆ నల్ల కణాలు చచ్చిపోతాయి, కిందున్న పసుపు–ఎరుపు, దాని వెనక మెరుపు బయటపడతాయి, ఆ రెండూ కలిస్తేనే మనం బంగారం అంటున్నది. అంటే బంగారం కొత్తగా వచ్చిందేం కాదు, మొదట్నుంచీ మసి కింద ఉంది.

మన చేపపిల్లల్లో ఈ రంగు మారడం జులై చివర మొదలైంది. ముందు ఇంకా నల్లబడ్డాయి, అది చూసి జబ్బు అనుకుని ఒకరు పసుపు నీళ్ళు పోయబోయారు, ఆపాం. తర్వాత పొట్ట దగ్గర్నుంచి నారింజ ఎక్కుతూ వీపు దాకా వచ్చింది, వీపు మీద, రెక్కల అంచున నలుపు ఆఖర్న పోయింది.

ఇక రెండో గొడవ, అసలైనది. ఆగస్టుకి నాలుగు బ్లాక్ మూర్‌లలో రెండిటికి పొట్ట రాగి రంగులోకి తిరిగింది, అక్టోబర్‌కి ఒకటి పూర్తిగా నారింజ అయిపోయింది. మంచి నల్ల చేపలు ఎవరో పట్టుకెళ్ళి చవకవి వదిలారు అని గ్రూపులో మెసేజ్, దాని కింద వాచ్‌మన్‌ని అడగండి అని ఇంకో మెసేజ్, దాని కింద పదకొండు బొటనవేళ్ళు. సీసీటీవీ చూశాం, మన మెషిన్‌లో 15 రోజులే ఉంటుంది, తొట్టి పక్కన పిల్లలు, ఒక పిల్లి, ఒక లకుముకి పిట్ట తప్ప ఎవరూ లేరు. వాచ్‌మన్ మొదటి రోజే చెప్పాడు, "అవే చేపలు సార్, రంగు దిగుతున్నాయి" అని, చీర గురించి చెప్పినట్టు. ఎవరూ వినలేదు, నాతో సహా.

తేల్చింది సి బ్లాక్‌లో ఏడో తరగతి చదివే పాప. ఆ అమ్మాయి ప్రతి ఆదివారం తొట్టి దగ్గర కూర్చుని నోట్‌బుక్‌లో చేపలు గీస్తుందట, మాకెవరికీ తెలీదు. ఒక మూర్‌కి తోక కుడివైపు కొస చిరిగి ఉంటుంది, దాన్ని చిరుగు తోక అని పేరు పెట్టి జూన్ నుంచి ప్రతి వారం కలర్ పెన్సిల్‌తో వేసింది. జూన్‌లో మొత్తం నలుపు, ఆగస్టు బొమ్మలో గొంతు దగ్గర రాగి, అక్టోబర్‌లో నారింజ, తోక చిరుగు అన్నిట్లో అక్కడే. మేం తొట్టి దగ్గరికెళ్ళి చూస్తే నారింజ చేపకి అదే చిరుగు. నవంబర్ కమిటీ మీటింగులో వాచ్‌మన్‌కి క్షమాపణ చెప్పి మినిట్స్‌లో రాశాం, ఇక్కడ కూడా రాస్తున్నాం. గ్రూపులో ఆ మెసేజ్ పెట్టినవాళ్ళు విడిగా చెబితే బాగుంటుంది, ఇంకా చెప్పలేదు.

బ్లాక్ మూర్ నలుపు అసలే నిలకడ లేనిది, వయసుతో కంచు రంగుకో నారింజకో తిరగడం చాలా మామూలు, పెంచేవాళ్ళకి ఇది కొత్తేం కాదు, మాకే కొత్త. దానికి మా పని కూడా తోడైంది అనుకుంటున్నా. మే నెలలో తొట్టి కడిగి లోపల లేత నీలం వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించాం, చూడ్డానికి బాగుంటుందని. చేప కళ్ళతో కింద నేల ఎంత తెల్లగా ఉందో చూసి దాన్ని బట్టి ఒంటి నలుపు తగ్గించుకుంటుంది. దానికి మెదడులోంచి వచ్చే ఒక హార్మోన్ ఉంది, మెలనిన్ కాన్సెంట్రేటింగ్ హార్మోన్ అంటారు, 1983లో జపాన్ శాస్త్రవేత్తలు సాల్మన్ చేపలో దాన్ని పట్టుకున్నారు. ముందు కణంలో ఉన్న నల్ల రేణువులు మధ్యకి ముడుచుకుంటాయి, చేప పాలిపోతుంది, ఇది నిమిషాల్లో, గంటల్లో జరిగేది, మళ్ళీ తిరిగొస్తుంది. తెల్లవారుజామున లైటు వేసి చూస్తే చేపలు వెలిసిపోయినట్టు కనపడేది కూడా ఇలాంటిదే. కానీ నెలల తరబడి లేత నేల మీదే ఉంటే నల్ల కణాల సంఖ్యే తగ్గిపోతుంది. పైగా మన మే నెల నీళ్ళ వేడి, చెప్పక్కర్లేదు. అందుకే ఈ ఏడు అడుగున నల్ల కంకర పరిచాం, మిగిలిన రెండు మూర్‌లు ఇప్పటికైతే నల్లగానే ఉన్నాయి.

మూడోది సెప్టెంబర్‌ది, దీంట్లో తప్పు మనదే, రంగుల కంటే ఇది ముఖ్యం. వినాయకుడి మండపం తొట్టి పక్కనే పెట్టాం, పిల్లలు ప్రేమతో చేపలకి బూందీ, పులిహోర, పూరీ ముక్కలు వేశారు, తొమ్మిది రోజులు. గోల్డ్‌ఫిష్‌కి కడుపు సంచి ఉండదు, తిన్నది పేగులోంచి పోతూనే ఉంటుంది కాబట్టి ఎంత వేసినా ఆకలిగానే తిరుగుతుంది. మిగిలింది కుళ్ళి నీళ్ళల్లో అమ్మోనియా పెరిగి మూడు చేపలు పోయాయి, రెండు కామెట్లు, ఒక షుబుంకిన్. సగం సగం నీళ్ళు మార్చి, మున్సిపల్ నీళ్ళని ఒక రోజు డ్రమ్ముల్లో నిలవపెట్టి క్లోరిన్ పోయాక పోసి మిగతావాటిని కాపాడాం. రెండు వారాల తర్వాత నారింజ చేపల రెక్కల అంచున, మూతి మీద నల్ల మచ్చలు వచ్చాయి. కొత్త డిజైన్ వచ్చింది, భలే ఉంది అని ఫొటోలు పెట్టారు. అది డిజైన్ కాదండి, అమ్మోనియాకి చర్మం కాలి మానేటప్పుడు నల్ల కణాలు ఆ చోటికి చేరతాయి, పుండు మానిన మచ్చలాంటిది. నవంబర్‌కి పోయాయి. కాబట్టి ఎప్పుడైనా నారింజ చేప మీద హఠాత్తుగా నలుపు కనిపిస్తే ముద్దొస్తోంది అనకుండా ముందు నీళ్ళు టెస్ట్ చేయించండి, కిట్ సెక్యూరిటీ రూములో ఉంది.

నాలుగోది, నారింజవి తెల్లబడటం. జనవరికి మూడు కామెట్లు పక్కల నుంచి తెల్లగా అవుతున్నాయి, మేత డబ్బులు కమిటీ తినేస్తోందని ఒక జోకు, జోకో కాదో తెలీదు. మేత సంగతి కొంత నిజమే. పసుపు–ఎరుపు రంగులో ఎక్కువ భాగం కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు, వాటిని చేప ఒంట్లో తయారుచేసుకోలేదు, తినాల్సిందే. కోడికి మొక్కజొన్న పెడితే పచ్చసొన ముదురుగా వచ్చి, నూకలు పెడితే పాలిపోయినట్టు వస్తుంది కదా, అదే లెక్క. పులికాట్‌కి వచ్చే ఫ్లెమింగోల గులాబీ రంగు కూడా తిండిదే. గోల్డ్‌ఫిష్ ఇంకాస్త గడుసుది, నాచులో, మొక్కజొన్నలో ఉండే జియాజాంథిన్‌ని తీసుకుని ఎర్రటి అస్టాజాంథిన్‌గా మార్చుకోగలదు, రొయ్యల్లో ఉండే ఎరుపు అదే. మనం లకుముకి పిట్ట భయంతో అక్టోబర్‌లో దట్టమైన గ్రీన్ షేడ్ నెట్ కట్టాం, వెలుతురు తగ్గి గోడల నాచు చచ్చిపోయింది, ఉన్న ఆ కాస్త మేత పోయింది. ఫిబ్రవరిలో ఆ నెట్ తీసి పెద్ద కళ్ళ వల కట్టాం, మేతని స్పిరులినా అనే నాచు ఉన్నదానికి మార్చాం. ఒకటి కాస్త తేరుకుంది. మిగతా రెండూ తెల్లబడుతూనే ఉన్నాయి, ఎందుకంటే కొన్నిటికి పసుపు కణాలు కూడా వయసుతో పోవడం పుట్టుకతో వచ్చిందే, దానికి ఏ మేతా పనిచేయదు. ఇంగ్లాండ్‌లో 1956లో సంతలో గెలుచుకున్న టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్ళు బతికి 1999లో పోయింది, గిన్నిస్ రికార్డు, పోయేసరికి దాని నారింజ పోయి వెండి రంగులో ఉందట. కాబట్టి మన తెల్ల కామెట్లని చూసి ఎవరూ కంగారు పడొద్దు, ఈదుతున్నాయి, తింటున్నాయి. రంగు పెంచే మందు అని ఒకాయన బాటిల్ అమ్మజూపాడు, కొనలేదు.

పిల్లల్లో మూడు మాత్రం వేరేగా ఉన్నాయి, లేత గులాబీ ఒళ్ళు, నల్ల గుండీల్లాంటి కళ్ళు, చెంప దగ్గర మొప్పల ఎరుపు బయటికే కనిపిస్తుంది. ఇవి షుబుంకిన్ల సంతానం. షుబుంకిన్‌లో మెరుపు కణాలు కొన్నే ఉంటాయి, అందుకే లోతులో ఉన్న నలుపు మనకి నీలంగా కనిపిస్తుంది. అలాంటివి రెండు కలిస్తే పిల్లల్లో సుమారు పావు వంతు మామూలు మెరుపువి, సగం తల్లిదండ్రుల్లాంటివి, పావు వంతు మెరుపే లేకుండా దాదాపు గాజులా లోపలికి కనిపించేవి వస్తాయి. 1928లో షిసాన్ చెన్ అనే చైనా శాస్త్రవేత్త మెండెల్ వంశపారంపర్య లెక్క ప్రకారం దీన్ని చూపించాడు. సంక్రాంతి రోజు మన పాప ఇదంతా చార్టు వేసి చెప్పింది, ముగ్గుల పోటీ కంటే దానికే జనం ఎక్కువ వచ్చారు, ఆ పాపకి అసోసియేషన్ తరఫున కలర్ పెన్సిళ్ళ సెట్ ఇచ్చాం, ఖర్చు ఇతరములు అనే పద్దులో ఉంది.

మార్చి 31 నాటికి లెక్క: పాతవి 17, పిల్లలు 31. మొదట అరవై దాకా ఉండేవి, కొన్ని పిట్ట తిన్నది, కొన్ని తల్లులే తిన్నాయి, గోల్డ్‌ఫిష్‌కి ఆ పట్టింపు లేదు. 31లో 19 నారింజ లేదా నారింజ–తెలుపు, 3 గులాబీవి, 9 ఇంకా మట్టిరంగులోనే ఉన్నాయి. ఏడాది దాటింది కాబట్టి ఈ తొమ్మిదీ ఇక మారకపోవచ్చు. పిట్ట ఎక్కువగా నారింజవాటినే ఎత్తుకుపోయిందని, మట్టిరంగువి ఒక్కటీ తగ్గలేదని పాప నోట్‌బుక్ చెబుతోంది. చెరువుల్లో వదిలేసిన గోల్డ్‌ఫిష్‌లు కొన్ని తరాలకి మళ్ళీ మట్టిరంగుకే వచ్చేది కూడా ఇందుకే.

ఈ తొమ్మిదీ అందంగా లేవు, తీసేయండి అని నలుగురు సభ్యులు రాసిచ్చారు. జనరల్ బాడీ అజెండాలో ఆరో అంశంగా పెట్టాం, ఓటింగ్ ఉంటుంది. కమిటీ అభిప్రాయం ఉంచాలనే. ఏదేమైనా పక్క చెరువులో మాత్రం ఎవరూ వదలొద్దు, అక్కడి చేపలకీ మొక్కలకీ నష్టం, ఈ మాట మీద కమిటీలో అందరం ఒకటే. తొట్టికి 48 ఎక్కువే కాబట్టి ఇంట్లో పెద్ద ట్యాంకు ఉన్నవాళ్ళకి ఉచితంగా ఇస్తాం, ఏ రంగు కావాలో చెప్పొచ్చు కానీ ఆ రంగు ఉంటుందని గ్యారంటీ లేదు. ఆదివారం పొద్దున పదింటికి రండి, మూత ఉన్న బకెట్ మీరే తెచ్చుకోవాలి, చేప పట్టిచ్చేది వాచ్‌మన్.