పర్మిషన్ వేరు, హక్కు వేరు

ఒరేయ్ శ్రీనూ,

డెవలపర్ దగ్గర ట్రైనీ సర్వేయరుగా చేరావని తెలిసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ప్లానింగ్ లా, ప్రాపర్టీ లా రెండూ ఒక్కసారే మీదపడ్డాయనీ, ఏది ముందు పట్టుకోవాలో తోచక టెన్షన్‌గా ఉందనీ రాశావు. నన్నడిగితే సెక్షన్ల జోలికి వెళ్లకముందే ఒక సంగతి మనసులో గట్టిగా నాటుకో. ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోవు. ఇంగ్లండులో కట్టుకోవచ్చా లేదా అని స్థానిక కౌన్సిల్ చూసేది ప్లానింగ్ విధానాల ప్రకారం. ఆ నేల మీద ఎవరికేం హక్కులున్నాయో తేల్చే పని దానిది కాదు. అసలు నీది కాని స్థలానికి కూడా నువ్వు దరఖాస్తు పెట్టుకోవచ్చు తెలుసా? యజమానికి నోటీసిచ్చి, ఇచ్చినట్టు సర్టిఫికెట్ జతచేస్తే చాలు. కానీ పర్మిషన్ చేతికొచ్చినంత మాత్రాన ఆ స్థలంలో అడుగుపెట్టే హక్కు రాదు.

"పర్మిషన్ వచ్చేసింది, ఇక దిగులు లేదు" అని ఎవరైనా అంటే నాకు వెంటనే మేడెన్‌హెడ్ కేసు గుర్తొస్తుంది. మేడెన్‌హెడ్ ఊళ్లో ఒక డెవలపర్ స్థలంలో కొంత భాగం మీద 1972 నాటి రిస్ట్రిక్టివ్ కవనెంట్ ఉంది, అంటే పక్క స్థలం మేలు కోసం ఈ నేల వాడకాన్ని కట్టడి చేస్తూ రాసుకున్న షరతు. అక్కడ ఏమీ కట్టకూడదు, వాహనాల పార్కింగుకు తప్ప వాడకూడదు. డెవలపర్ కౌన్సిల్ దగ్గర పర్మిషన్ తెచ్చుకుని, పక్క స్థలం వైపు నుంచి అభ్యంతరం వచ్చినా ఆగకుండా, సరిగ్గా ఆ భాగంలోనే 13 ఇళ్లు కట్టేశాడు. స్తోమత తక్కువున్న కుటుంబాల కోసం కట్టిన ఇళ్లే అవి. పక్క స్థలం ఒక ట్రస్టుది. తీవ్రమైన జబ్బులున్న పిల్లల కోసం అక్కడ హాస్పిస్ (సంరక్షణ కేంద్రం) అప్పట్లో కడుతున్నారు. ఈ ఇళ్ల నుంచి చూస్తే పిల్లల్ని చక్రాల కుర్చీల్లో తిప్పే తోట కనిపిస్తుంది.

ఇళ్లు పూర్తయ్యాక డెవలపర్ ఇలాంటి భూమి వివాదాలు చూసే ట్రిబ్యునల్‌కి వెళ్లి, 1925 లా ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 84 కింద కవనెంట్ సడలించమని అడిగాడు. 2016లో ట్రిబ్యునల్ ఒప్పుకుని, ట్రస్టుకి 1,50,000 పౌండ్లు ఇమ్మంది. అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. 2020 నవంబరులో సుప్రీం కోర్టు కూడా సడలింపుకి ఒప్పుకోలేదు. కవనెంట్ లేని డెవలపర్ సొంత స్థలం పక్కనే ఉంది, ఆ ఇళ్లు అక్కడ వేసుకోవచ్చు. ముందే వచ్చి అడిగి ఉంటే ఆ మాటే చెప్పేవాళ్లు. తెలిసి తెలిసి కట్టేసి, "ఇప్పుడు కూల్చమంటారా?" అన్నట్టు నిలబడటాన్ని కోర్టు సహించలేదు. ఆ తీర్పంటే నాకెంతో గౌరవం. ఇళ్లు అవసరమే, కాదనను. కానీ కాగితం మీద రాసుకున్న మాటకి విలువ లేకపోతే పక్కవాడు ఏ ధైర్యంతో స్థలం కొంటాడు చెప్పు?

ఈ కవనెంట్ల కథ 1848 నాటి టల్క్ వర్సెస్ మోక్సే దగ్గర మొదలవుతుంది. లండన్ లెస్టర్ స్క్వేర్ మధ్య తోటని తోటగానే ఉంచాలన్న షరతుతో అమ్మితే, చేతులు మారాక, ఆ సంగతి తెలిసే కొన్న మనిషి కట్టడానికి సిద్ధపడ్డాడు. తెలిసి కొన్నావు కాబట్టి షరతు నీకూ వర్తిస్తుందంది కోర్టు. ఎప్పుడైనా అటు వెళ్తే చూడు, నడిబొడ్డున తోట ఇంకా ఉంది.

ఇక టైటిల్ ప్లాన్, అంటే లాండ్ రిజిస్ట్రీ దగ్గర ఆ స్థలం హద్దులు చూపే పటం. దీని మీద నువ్వు ఎంత కూర్చుంటే అంత మంచిది. పట్టణాల్లో మామూలుగా 1:1250 స్కేలులో ఉంటుంది. అంటే ప్లాన్ మీద ఒక్క మిల్లీమీటరు నేల మీద 1.25 మీటర్లు. హద్దు చూపించే ఎర్ర గీత మందంలోనే ఒక కాలిబాట ఇమిడిపోవచ్చు! పైగా అది సుమారు హద్దే తప్ప కచ్చితమైనది కాదని 2002 లాండ్ రిజిస్ట్రేషన్ యాక్ట్ సెక్షన్ 60 చెబుతోంది. ఆ గీతకీ రోడ్డుకీ మధ్య సన్నటి పట్టీ ఇంకొకరిదైతే, నీ సైటుకి దారి వాళ్ల చేతిలో ఉన్నట్టే. దాన్నే రాన్సమ్ స్ట్రిప్ అంటారు. 1961లో స్టోక్స్ వర్సెస్ కేంబ్రిడ్జ్ కేసులో, అలాంటి దారి కోసం పెరిగే విలువలో మూడో వంతు ఇచ్చుకోవాల్సి వచ్చేదని లెక్కగట్టారు. నేటికీ బేరాలు తరచు అక్కడి నుంచే మొదలవుతాయి. అందుకే రోడ్డు హద్దు ఎక్కడిదాకా ఉందో హైవే అథారిటీ దగ్గర విడిగా కనుక్కోవాలి, టైటిల్ ప్లాన్ చూసి సరిపెట్టుకోకూడదు.

ప్లానింగ్ వైపు సెక్షన్ 106 ఒప్పందాలూ (పర్మిషన్‌తో పాటు కౌన్సిల్‌కి ఇచ్చే హామీలు), కౌన్సిల్‌కి కట్టే లెవీ లెక్కలూ పని చేస్తూ ఉంటే వాటంతటవే వస్తాయి. తేదీల దగ్గర మాత్రం ఏమరుపాటు వద్దు. పూర్తి పర్మిషన్ వస్తే మామూలుగా మూడేళ్లలోపు పని మొదలుపెట్టాలి. పునాది కోసం ఒక కందకం తవ్వినా మొదలైనట్టే లెక్క. అయితే పని మొదలుపెట్టే ముందే తీర్చాల్సిన కీలకమైన షరతు మిగిలిపోతే ఆ కందకం సాధారణంగా లెక్కలోకి రాదు. గడువు కాస్తా దాటిపోతే పర్మిషన్ పోయినట్టే. కాబట్టి పర్మిషన్ ఇస్తూ కౌన్సిల్ పంపే డెసిషన్ నోటీసు రాగానే షరతులన్నీ ఒక షీటులో వేసి, దేన్ని ఎప్పటిలోగా తీర్చాలో పక్కనే రాసుకో.

ఇంకో మాట. లాండ్ రిజిస్ట్రీలో ఆ స్థలం రిజిస్టర్ తెరిచాక యజమాని పేరు చూసి ఆగిపోకు. ఇలాంటి కవనెంట్లు, స్థలం మీద ఉన్న భారాలు రాసే చార్జెస్ భాగంలో ఉంటాయి. అక్కడ ఏదైనా పాత దస్తావేజు తేదీ మాత్రమే కనిపిస్తే, దాని కాపీ ఉందేమో అడిగి తెప్పించి మొదటి నుంచి చివరిదాకా చదువు. సారాంశం చాల్లే అని మీ ఆఫీసులో ఎవరన్నా సరే.

వచ్చే వారం సైటుకి వెళ్తున్నానన్నావుగా. గేటు ముందు గడ్డి పట్టీ ఏదైనా ఉందేమో చూడు, ఉంటే అది ఎవరిదో కనుక్కుని నాకు రాయి.

నీ
రఘు