ఎస్‌జీపీటీ సరే, ఆల్బుమిన్ సంగతేమిటి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆరోగ్యం పేజీలో ఈమధ్య కాలేయ పరీక్షల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఎస్‌జీపీటీ పెరిగితే ఏమిటో, బిలిరుబిన్ ఎంత దాటితే కామెర్లో వివరంగా రాశారు. లివర్ తయారు చేసే ప్రోటీన్ ఆల్బుమిన్‌ను మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ ఆస్పత్రి ల్యాబులో పనిచేసినవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

ల్యాబు కిటికీ దగ్గర రిపోర్టు అందుకునేవాళ్లు అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఎస్‌జీపీటీ ఎంతుందండీ?" నలభై లోపు ఉందంటే ప్రాణం కుదుటపడుతుంది. ఎస్‌జీపీటీ అనేది లివర్ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైము. తాగుడు వల్లో, హెపటైటిస్ బి, సి వల్లో, షుగరు, ఒళ్లు పెరగడంతో చేరిన కొవ్వు వల్లో ఏళ్ల తరబడి దెబ్బతిని లివర్ గట్టిపడిపోయాక, కారడానికి కణాలే పెద్దగా మిగలవు. ఇలా లివర్ గట్టిపడడాన్నే సిర్రోసిస్ అంటారు. అది ముదిరిన మనిషికి కూడా ఎస్‌జీపీటీ 30 రావచ్చు. ఇల్లు కాలిపోయాక పొగ రావడం లేదని సంతోషించినట్టు ఉంటుంది అది.

లివర్ ఇంకా ఎంత పని చేస్తోందో చెప్పేవి అది తయారు చేసే ప్రోటీన్లు. ఆరోగ్యంగా ఉన్న లివర్ రోజుకు పది గ్రాములకు పైగా ఆల్బుమిన్ చేసి రక్తంలోకి పంపుతుంది. రక్తంలోని నీరు నాళాలు దాటి బయటికి పోకుండా పట్టి ఉంచేది చాలావరకు ఇదే. డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాముల దాకా ఉండాలి. తగ్గిందంటే కాళ్లకు వాపులు, లివర్‌లోకి వెళ్లే రక్తనాళంలో ఒత్తిడి కూడా తోడైతే పొట్టలో నీరు. డాక్టర్లు సిర్రోసిస్ తీవ్రతను లెక్కగట్టే చైల్డ్-పగ్ స్కోరులో ఐదు అంశాలుంటాయి: బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం, పొట్టలో నీరు, మెదడు మీద ప్రభావం. ఎస్‌జీపీటీ అందులో లేనే లేదు.

రక్తం గడ్డకట్టే సమయం, అంటే ప్రోథ్రాంబిన్ టైమ్, కూడా లివర్ చేసే ప్రోటీన్ల లెక్కే. ఆల్బుమిన్ సగానికి తరగాలంటే ఇరవై రోజులు పడుతుంది కనుక కొత్తగా వచ్చిన కామెర్లలో అది మామూలుగానే ఉంటుంది. గడ్డకట్టించే ప్రోటీన్లలో ఫ్యాక్టర్ 7 లాంటివి కొన్ని గంటల్లోనే తరిగిపోతాయి. అందుకే ఇవాళ్టి సంగతి చెప్పేది ప్రోథ్రాంబిన్, నెలల నాటి కథ చెప్పేది ఆల్బుమిన్.

ఇంకో తిరకాసు ఉంది. రిపోర్టులో 'టోటల్ ప్రోటీన్ 7' అని చూసి బాగానే ఉందనుకుంటారు. లివర్ చెడినప్పుడు ఆల్బుమిన్ తగ్గుతుంటే, రోగనిరోధక వ్యవస్థ చేసే గ్లోబ్యులిన్లు పెరుగుతుంటాయి. 2.6కు 4.4 కలిపినా ఏడే కదా! ఈ రెండింటి నిష్పత్తి తిరగబడిందా లేదా అన్నది చూడాలి. పైగా ఆల్బుమిన్ కొలవడానికి మేము వాడే ఆకుపచ్చ రంగు రసాయనం ఆల్బుమిన్‌తో పాటు కొన్ని గ్లోబ్యులిన్లనూ కాస్త పట్టుకుంటుంది. కాబట్టి తక్కువ అంకె వచ్చినచోట అసలు విలువ అంతకన్నా తక్కువే కావచ్చు. అలాగని ఆల్బుమిన్ తగ్గిన ప్రతివాళ్లకూ లివర్ జబ్బేనని కాదు. కిడ్నీల ద్వారా పోయినా, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా తగ్గుతుంది.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది. మా బావమరిదికి రెండేళ్ల కిందట సిర్రోసిస్ అని తేలింది. ఆల్బుమిన్ 2.4. చూపించిన ప్రైవేటు ఆస్పత్రిలో (పేరు అనవసరం) ప్రోటీన్ తగ్గించమన్నారు. ఇంట్లోవాళ్లు దానికి పథ్యం చేర్చారు. పప్పు వద్దు, గుడ్డు వద్దు, పెరుగు చలువ చేస్తుంది వద్దు. మూడు నెలలు చారన్నం, మజ్జిగ తేట. భుజాలు జారిపోయాయి, కణతలు గుంటలు పడ్డాయి, పొట్ట మాత్రం కుండలా ఉంది. అదే ఆస్పత్రి 'బలానికి' అని ఆల్బుమిన్ బాటిళ్లు ఎక్కించింది. ఒక్కోటి వేల రూపాయలు. మా చెల్లెలు గాజులు తాకట్టు పెట్టింది. నోటికి వచ్చే గుడ్డు ఆపి, నరానికి బాటిల్ కట్టారు.

ఆల్బుమిన్ బాటిల్ తిండి కాదు. ఎక్కించిన ఆల్బుమిన్ కండగా మారి ఒంటికి పట్టదు. కండ నిలవాలంటే నోటితోనే తినాలి. సిర్రోసిస్ రోగులకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలని ఐరోపా పోషకాహార నిపుణుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. అరవై కిలోల మనిషికి డెబ్భై గ్రాములకు పైనే. జబ్బు మెదడు మీద ప్రభావం చూపి మగత, తికమక వచ్చిన రోగికి కూడా ప్రోటీన్ ఆపడం వల్ల మేలు లేదని 2004లోనే స్పెయిన్ వైద్యులు చూపించారు. పప్పు, పెరుగు, గుడ్డు, సోయా ఏది సరిపడితే అది పెట్టాలి. రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినాలి, ఎందుకంటే ఈ లివర్ రాత్రంతా ఉపవాసాన్ని తట్టుకోలేక కండను కరిగిస్తుంది. తగ్గించాల్సింది ఉప్పు. మన ఇళ్లలో ఆవకాయ మాత్రం పథ్యం లెక్కలోకి రాదు!

బాటిల్‌కు దాని చోటు దానికి ఉంది. పొట్టలోంచి ఐదు లీటర్లకు మించి నీరు తీసినప్పుడు లీటరుకు 6 నుంచి 8 గ్రాముల చొప్పున ఎక్కించకపోతే రక్తప్రసరణ దెబ్బతిని కిడ్నీలకు ముప్పు. ఆ నీటికి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు యాంటీబయాటిక్‌తో పాటు ఆల్బుమిన్ ఇస్తే కిడ్నీలూ ప్రాణమూ దక్కుతాయని 1999లోనే తేలింది. లివర్ వల్ల కిడ్నీలు ఆగిపోతున్నప్పుడు టెర్లిప్రెసిన్ అనే మందుతో కలిపి ఇస్తారు. వారం వారం నెలల తరబడి ఇస్తే ఆయుష్షు పెరిగిందని 2018లో ఇటలీ పరిశోధన చెప్పింది. అయితే 2021లో బ్రిటన్‌లో ఆస్పత్రుల్లో చేరిన 700 మందికి పైగా రోగులతో చేసిన పరిశోధనలో, రిపోర్టులో అంకె 3కు చేర్చాలని రోజూ ఎక్కిస్తే లాభం కనిపించలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మాత్రం ఎక్కువైంది. ఎవరికి, ఎప్పుడు అన్నది స్పెషలిస్టు తేల్చాలి. అంకె తక్కువుందని బాటిల్ రాయడం వైద్యం కాదు.

మందుల షాపులో దొరుకుతుంది కనుక ఇది ఎక్కడ తయారవుతుందని ఎవరూ అడగరు. దాతల ప్లాస్మా నుంచి. 20 గ్రాముల బాటిల్ ఒక్కటి రావాలంటే, నా లెక్కలో ముగ్గురు నలుగురు రక్తదాతల ప్లాస్మా కావాలి. అది ఒకచోట టానిక్కులా ఖర్చవుతుంటే, ఇంకోచోట ఎనిమిది లీటర్ల నీరు తీయించుకున్న కూలి మనిషి ఒక్క బాటిల్ కూడా లేకుండా బస్సెక్కి ఊరికి పోవడం నేను చూశాను.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. పొట్టలో నీరు తీసే ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఆ రోజుకు కావలసిన ఆల్బుమిన్ ఉండేలా చూడండి. హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తున్నారు. అక్కడికి వచ్చేవాళ్లకు ఆల్బుమిన్, ప్రోథ్రాంబిన్ కూడా చేసి, అంకెల అర్థం చెప్పి పంపండి. ఇక, సిర్రోసిస్ రోగి ఏం తినాలో తెలుగులో ఒక్క పేజీ అచ్చు వేయించి రిపోర్టుకు పిన్ను చేయండి. దానికి ఖర్చవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మా ల్యాబులో ఫారాలకు ఇండెంటు పెట్టింది నేనే, కాగితం ధర నాకు తెలుసు.

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
తెనాలి